హిట్లర్ క్రమశిక్షణ కావాలన్న పాఠకుడికి, టామీ అనే పిల్లాడి గురించి

ఎడిటర్ గారికి నమస్కారం.

పోయిన ఆదివారం మీ పాఠకుల ఉత్తరాల పేజీలో ఒకాయన రాసింది చదివాను. ట్రాఫిక్ గురించి, లంచాల గురించి, పదకొండైనా సీట్లోకి రాని స్టాఫ్ గురించి రాసుకుంటూ పోయి చివర్లో మన దేశం బాగుపడాలంటే ఒక్క ఐదేళ్ళు హిట్లర్ లాంటోడు ఉండాలి, అప్పుడు గానీ జనానికి క్రమశిక్షణ రాదు అని ముగించారు. ఆయన బాధ నాకు అర్థమైంది, పెన్షన్ పేపర్ల కోసం ఆఫీసుల చుట్టూ తిరిగినవాణ్ణే నేను కూడా, కానీ ఆ చివరి మాట చదివాక మాత్రం ఊరుకోబుద్ధి కాలేదు, రెండు రోజులు ఆలోచించి ఈ ఉత్తరం రాస్తున్నాను, కొంచెం పెద్దదే అయింది, వీలైతే మొత్తం వెయ్యండి.

ఈ మాట ఆయనొక్కరే అనలేదు కదా. నేను హైస్కూల్లో సోషల్ చెప్పి రిటైరయ్యాను, నాజీల పాఠం చెప్పిన ప్రతి ఏడాదీ క్లాసులో ఒక్కడైనా లేచి సార్ హిట్లర్ చెడ్డోడే గానీ దేశాన్ని లైన్లో పెట్టాడంట కదా సార్ అనేవాడు. పిల్లాడు అది ఇంట్లోనో బయటో విని వచ్చాడు. రైల్వే స్టేషన్ బుక్ స్టాల్లో చూడండి, జీవితంలో పైకి రావడం ఎలా అనే పుస్తకాల పక్కనే హిట్లర్ రాసుకున్న పుస్తకం కూడా పెట్టి అమ్ముతుంటారు. పొద్దున్నే వాట్సాప్‌లో హిట్లర్ చెప్పిన సూక్తులు అని గుడ్ మార్నింగ్ మెసేజ్ వస్తుంది. అరవై లక్షల మంది యూదుల్ని చంపారు, అందులో పదిహేను లక్షల మంది దాకా పిల్లలే అని నేను బోర్డు మీద రాసేవాణ్ణి, పిల్లలు నోట్సులో రాసుకునేవాళ్ళు, పరీక్షలో కూడా కరెక్టుగా రాసేవాళ్ళు, అయినా ఆ ప్రశ్న మాత్రం పోయేది కాదు. ఆ తర్వాత అంకెలు తగ్గించి ఒక్క పిల్లాడి గురించి చెప్పడం మొదలుపెట్టాను, అప్పట్నించి ఆ ప్రశ్న అడిగినవాడు లేడు. ఆ పిల్లాడి గురించే ఇక్కడ రాస్తున్నాను, ఎందుకంటే హిట్లర్ క్రమశిక్షణ అంటే ఏంటో అది అనుభవించిన పిల్లాడికంటే బాగా ఎవరికి తెలుస్తుంది.

పేరు థామస్ బర్గెన్‌తాల్, ఇంట్లో టామీ అనేవాళ్ళు. 1934 మే 11న అప్పటి చెకొస్లొవేకియాలో లుబొఖ్నా అనే చిన్న ఊళ్ళో పుట్టాడు. వాళ్ళ నాన్న లా చదువుకున్నాయన, బెర్లిన్‌లో బ్యాంకు ఉద్యోగం చేసేవాడు, హిట్లర్ గద్దెనెక్కబోయే ముందే గాలి ఎటు వీస్తోందో పసిగట్టి అక్కణ్ణించి వచ్చేసి ఈ ఊళ్ళో స్నేహితుడితో కలిసి హోటల్ పెట్టుకున్నాడు. అమ్మ గెర్డా జర్మన్ యూదు పిల్ల, సొంతూరు గోటింగెన్, వాళ్ళ అమ్మానాన్నలకి అక్కడ చెప్పుల షాపు ఉండేది. అంటే మామూలు మధ్యతరగతి కుటుంబం, ఎవరి జోలికీ పోనివాళ్ళు, ఇంట్లో మాట్లాడేది కూడా జర్మనే. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి, తర్వాత పనికొస్తుంది.

1939 వచ్చేసరికి స్లొవేకియాలో నాజీల తరహా గుంపులు బలపడి ఆ హోటల్ లాక్కున్నాయి. కట్టుబట్టలతో పోలండ్ వైపు బయల్దేరితే ఇటు చెకొస్లొవేకియావాళ్ళు వెనక్కి రానివ్వరు, అటు పోలండ్‌వాళ్ళు లోపలికి రానివ్వరు, రెండు బోర్డర్ల మధ్య ఎవరిదీ కాని నేల మీద కొన్ని రోజులు గడిపారు, అప్పటికి పిల్లాడికి ఐదేళ్ళు నిండలేదు. చివరికి ఎలాగో పోలండ్‌లో కటోవిత్సే అనే ఊరు చేరారు. అక్కడ వాళ్ళమ్మ ఒక సోది చెప్పేఆవిడ దగ్గరికి వెళ్తే నీ కొడుకు అదృష్టజాతకుడు, ఎన్ని గండాలొచ్చినా బయటపడతాడు అని చెప్పిందట. తర్వాత ఏళ్ళ తరబడి కొడుకు ఎక్కడున్నాడో తెలియనప్పుడు ఆ తల్లి ఆ మాటనే పట్టుకుని బతికింది. ఇంగ్లండ్ వెళ్ళడానికి వీసాలు కూడా వచ్చాయి, బయల్దేరాల్సిన రోజు 1939 సెప్టెంబర్ 1. సరిగ్గా ఆ రోజే జర్మనీ పోలండ్ మీద పడింది. వాళ్ళున్న రైలు మీద బాంబులు వేశారు, దిగి జనంతో పాటు నడుచుకుంటూ వెళ్ళి కియెల్ట్సే అనే ఊళ్ళో తేలారు, అక్కడే చిక్కుకుపోయారు.

1941లో కియెల్ట్సేలో యూదులందర్నీ ఒక వాడలోకి తోసి చుట్టూ కంచె వేశారు, దాన్నే ఘెట్టో అంటారు. కుటుంబానికి ఒక్క గది. గోటింగెన్ నుంచి వాళ్ళ అమ్మమ్మనీ తాతయ్యనీ కూడా తరలించారు, తిరిగి తిరిగి వాళ్ళూ అక్కడికే చేరారు. 1942 ఆగస్టులో కొద్ది రోజుల్లోనే ఆ ఘెట్టో నుంచి ఇరవై వేల మంది దాకా రైళ్ళెక్కించి ట్రెబ్లింకాకి పంపారు. ట్రెబ్లింకాలో ఉండటానికి బ్యారక్‌లు పెద్దగా లేవు, చేయించడానికి పని లేదు, దిగినవాళ్ళని దిగినట్టే గ్యాస్ గదుల్లోకి పంపేవాళ్ళు. అమ్మమ్మా తాతయ్యా అలాగే పోయారు.

ఇక్కడ క్రమశిక్షణ గురించి ఒక సంగతి చెప్పాలి. ఈ జనాన్ని తీసుకెళ్ళిన జర్మన్ రైల్వే ఊరికే తీసుకెళ్ళలేదు, టికెట్ డబ్బులు వసూలు చేసింది. మూడో క్లాసు రేటు, వన్ వే, మనిషికి కిలోమీటరుకి 4 ఫెన్నిగ్‌లు, పదేళ్ళలోపు పిల్లలకి హాఫ్ టికెట్, నాలుగేళ్ళలోపు ఫ్రీ. నాలుగు వందల మంది దాటితే గ్రూప్ డిస్కౌంటు, సగం ధర. కుక్కింది మాత్రం గూడ్సు పెట్టెల్లో. లెక్క ఎక్కడా తప్పలేదు, బిల్లులు ఆగలేదు, గుమాస్తాలు టైముకే ఆఫీసుకొచ్చి సంతకాలు పెట్టి సాయంత్రం టైముకే ఇంటికెళ్ళి పిల్లలతో భోంచేశారు. పోయినవారం ఉత్తరం రాసినాయన అడిగిన క్రమశిక్షణ మొత్తం అందులో ఉంది.

టామీ వాళ్ళ నాన్న జర్మన్ పోలీసుల వర్క్‌షాప్ చూసేవాడు కాబట్టి ఆ కుటుంబం ఆ విడత తప్పించుకుని లేబర్ క్యాంపులో పడింది. అమ్మానాన్నల్ని తీసుకెళ్ళిపోయిన ఇద్దరు పిల్లలు, ఒక బాబూ ఒక పాపా, వీళ్ళ దగ్గరికి చేరితే వాళ్ళమ్మ ఆ ఇద్దర్నీ కూడా సాకింది, తినడానికి ఉన్నదే అంతంత మాత్రం, అయినా ముగ్గురు పిల్లల్లాగే చూసుకుంది. తర్వాత కొన్నాళ్ళకి ఆ క్యాంపు కూడా ఎత్తేస్తున్నాం అని అందర్నీ మైదానంలో వరసగా నిలబెట్టి పిల్లల్ని తల్లుల దగ్గర్నించి లాగేయడం మొదలుపెట్టారు. పెద్దాళ్ళతో పని ఉంది, పిల్లలతో లేదు, అంతే లెక్క. అప్పుడు టామీకి ఎనిమిదో తొమ్మిదో ఏళ్ళు. సైనికులు తన దగ్గరికి వచ్చేలోపే నాన్నతో పాటు నేరుగా జర్మన్ కమాండెంట్ ముందుకెళ్ళి నిలబడి జర్మన్‌లో, అయ్యా నేను పని చెయ్యగలను అన్నాడు. బతిమాలలేదు, ఏడవలేదు. ఆ అధికారి ఒక్కసారి కిందికి చూసి సరే చూద్దాం లే అన్నట్టు ఏదో అని అమ్మానాన్నల దగ్గరికి పొమ్మని చెయ్యి ఊపాడు. ఆ పిల్లాడు యాస లేకుండా తన సొంత భాషలో మాట్లాడాడనో, ఆ క్షణంలో ఆయనకి ఏం తోచిందో ఎవరికీ తెలీదు. మిగతా పిల్లల్ని, ఆ ఇద్దరితో సహా, ఊరి యూదుల శ్మశానానికి తీసుకెళ్ళి చంపేశారు.

నేను ఇక్కడ ఆ కమాండెంట్‌ని మంచోడు అనడం లేదు, పక్కనే అంత మంది పిల్లల్ని చంపించినవాణ్ణి ఎలా అంటాం. కానీ ఒక్కటి చూడండి, ఆర్డరు ప్రకారం టామీ కూడా ఆ రోజు పోవాలి. ఆర్డరు ఒక్క చోట తప్పింది కాబట్టి ఉన్నాడు. ఆ తర్వాత కూడా అతని కథలో ప్రతి మలుపులోనూ ఎక్కడో ఒకచోట ఎవరో ఒకరు రూలు తప్పుతారు, ఆయన తన బాల్యం గురించి రాసిన పుస్తకంలో దాన్ని అదృష్టం అనే అన్నారు, కాదనడానికి నేనెవర్ని, కానీ నాకు మాత్రం ఆ అదృష్టం వెనక చాలాసార్లు మనుషులు కనిపించారు.

1944 ఆగస్టులో ముగ్గుర్నీ ఆష్విట్జ్ అనే నాజీల చావు క్యాంపుకి పంపారు. అక్కడ రైలు దిగగానే ఎవరు బతకాలో ఎవరు గ్యాస్‌కి పోవాలో ఏరడం రివాజు, పిల్లలు దాదాపు ఎప్పుడూ రెండో వైపుకే. వీళ్ళ రైలు లేబర్ క్యాంపు నుంచి వచ్చింది కదా పిల్లల్ని ముందే ఏరేసి ఉంటారు అనుకున్నారో ఏమో ఆ రోజు ఏరలేదు. అమ్మని ఆడవాళ్ళ వైపు తీసుకెళ్ళిపోయారు. టామీ చేతి మీద పచ్చబొట్టు బి-2930, నాన్నది బి-2931. వీళ్ళని పెట్టిన బ్యారక్‌లు అంతకు కొద్ది రోజుల ముందు వరకూ రోమా జిప్సీల కుటుంబాలు ఉన్నవి, వాళ్ళందర్నీ ఒక్క రాత్రిలో చంపి ఖాళీ చేసినవి.

పొద్దునా సాయంత్రం హాజరు. గంటల తరబడి ఎండలో వానలో ఐదేసి మంది వరసలో కదలకుండా నిలబడాలి, లెక్క కుదిరేదాకా, రాత్రి చచ్చిపోయినవాళ్ళని కూడా తెచ్చి లెక్కలో పెట్టాలి. ఆ లెక్క అయ్యాక ఒక్కోసారి డాక్టర్ వచ్చి ఏరేవాడు. నాన్న కొడుక్కి ఒక ఉపాయం నేర్పాడు. వరసలో ఎప్పుడూ వెనక నిలబడు, బ్యారక్ తలుపుకి దగ్గరగా, హాజరు లెక్క అయిపోయాక ఏరడం మొదలయ్యేలా ఉందని ఏ మాత్రం అనుమానం వచ్చినా చప్పుడు కాకుండా లోపలికి జారిపో. కొన్ని నెలలు అది పని చేసింది. ఒక తండ్రి పదేళ్ళ కొడుక్కి చెప్పగలిగిన చదువు అప్పుడు అదొక్కటే. నేను ఈ ముక్క క్లాసులో చెప్తున్నప్పుడు, పొద్దున ప్రేయర్‌లో వెనక నిలబడి చాటుగా జారుకునే మా పిల్లలు ఒకరి మొహం ఒకరు చూసుకుని తల దించుకునేవాళ్ళు.

1944 చివరి నెలల్లో ఒకరోజు ఆ ఉపాయం పారలేదు. తండ్రీకొడుకుల్ని చెరో వైపూ నెట్టారు, అదే ఆఖరు చూపు. నాన్న 1945 జనవరిలో బుఖెన్‌వాల్డ్ క్యాంపులో చనిపోయాడు, ఆ విషయం కొడుక్కి చాలా రోజుల తర్వాత గానీ తెలీలేదు. టామీని గ్యాస్‌కి పంపాల్సిన వాళ్ళతో కలిపి ఒక బ్యారక్‌లో పెట్టారు, కార్డు మీద ఎర్ర ఇంటూ మార్కు. అక్కడ ఖైదీగా ఉంటూనే డాక్టరు పని చేస్తున్న ఒక పోలిష్ ఆయన ఆ కార్డు తీసేసి ఇంటూ లేని కొత్త కార్డు పెట్టాడు. లారీ వచ్చి మిగతావాళ్ళని తీసుకెళ్ళింది, టామీ మిగిలాడు. దొరికితే ఆ డాక్టర్ ప్రాణం పోయేది. ఉత్తరం రాసినాయన లెక్కలో అది రికార్డులు తారుమారు చెయ్యడమే.

1945 జనవరిలో రష్యా సైన్యం దగ్గరికొస్తోందని ఆష్విట్జ్ నుంచి దాదాపు అరవై వేల మందిని మంచులో కాలినడకన తోలారు. కూర్చున్నవాణ్ణి అక్కడే కాల్చేవాళ్ళు. టామీకి అప్పటికి ఇంకో ఇద్దరు పిల్లలు స్నేహితులయ్యారు. ముగ్గురూ కలిసి కూర్చోకుండానే విశ్రాంతి తీసుకోవడానికి ఒక పద్ధతి కనిపెట్టారు. పరిగెత్తి గుంపుకి ముందుకు వెళ్ళిపోవాలి, అక్కడ ఆగిపోయి మెల్లగా కాళ్ళాడిస్తూ ఉండాలి, గుంపు వాళ్ళని దాటుకుంటూ పోయి చివరి వరస వచ్చేదాకా, అంతలో కాస్త ఊపిరి తీసుకోవచ్చు, చివరి వరస రాగానే మళ్ళీ ముందుకి పరుగు. మూడు రోజులు అలా గ్లివిత్సే దాకా నడిచారు. పదేళ్ళ పిల్లాడు చేసిన లెక్క అది. దారిలో అలిసిపోయిన పిల్లలుంటే రండి విశ్రాంతి తీసుకోడానికి పంపిస్తాం అని గార్డులు పిలిస్తే ఈ ముగ్గురూ వెళ్ళలేదు, అప్పటికి వాళ్ళకి అలాంటి పిలుపుల అర్థం తెలుసు.

గ్లివిత్సే నుంచి పైకప్పు లేని రైలు పెట్టెల్లో పది రోజులకి పైగా ప్రయాణం. మొదట్లో నిలబడటానికి కూడా చోటు లేదు, తర్వాత తర్వాత చోటు వచ్చింది, ఎందుకు వచ్చిందో మీకే అర్థమవుతుంది. తిండి లేదు, మంచు తిన్నారు. రైలు చెక్ ప్రాంతంలోంచి పోతున్నప్పుడు పట్టాల మీద కట్టిన వంతెనల మీద జనం నిలబడి ఉన్నారు. మగవాళ్ళు, ఆడవాళ్ళు, పిల్లలు. చేతులూపుతూ ఏదో అరుస్తున్నారు, పెట్టె వంతెన కిందికి రాగానే పైనుంచి రొట్టెలు పడటం మొదలైంది. ఒక వంతెన దగ్గరే కాదు, ముందు ఊళ్ళో కూడా, ఆ తర్వాత ఊళ్ళో కూడా. గార్డులు బెదిరించడానికి తుపాకులు పేల్చినా వెయ్యడం ఆపలేదు. యుద్ధం ఆరో ఏట నడుస్తోంది, రేషన్ మీద బతుకుతున్న జనం, జర్మన్ల ఏలుబడిలో ఉన్నవాళ్ళు, తాము తినాల్సిన రొట్టె ఆ పెట్టెల్లోకి విసిరారు. ఆ రొట్టెలే లేకపోతే తను ఆ ప్రయాణంలో బతికేవాణ్ణి కాదని ఆయన తర్వాత రాసుకున్నారు. వాళ్ళెవరో పేర్లు కూడా తెలీవు.

ఆ రైలు జాక్సెన్‌హౌజెన్ క్యాంపుకి చేర్చేసరికి కాలివేళ్ళు మంచుకి కుళ్ళిపోయాయి, రెండు వేళ్ళు తీసేశారు. అక్కడి ఆసుపత్రి బ్యారక్‌లోనే నార్వే నుంచి వచ్చిన ఖైదీ ఒకాయన తగిలాడు, ఆడ్ నాన్సెన్. ఉత్తర ధ్రువం వైపు సాహసయాత్రలు చేసిన, తర్వాత శరణార్థులకి చేసిన సాయానికి 1922లో నోబెల్ శాంతి బహుమతి తీసుకున్న ఫ్రిట్యోఫ్ నాన్సెన్ కొడుకు. వృత్తికి ఆర్కిటెక్టు, యుద్ధానికి ముందే యూదు శరణార్థుల కోసం సంస్థ పెట్టి పని చేసినవాడు, 1942లో జర్మన్లు పట్టుకెళ్ళి జైల్లో పెట్టారు. వచ్చినప్పుడల్లా ఈ పిల్లాడికి ఏదో తినడానికి తెచ్చేవాడు, బొమ్మలేసుకోడానికి పెన్సిళ్ళు తెచ్చేవాడు. అంతకంటే ముఖ్యంగా అక్కడ పని చేసే మనిషికి సిగరెట్లూ పొగాకూ లంచం ఇచ్చి, చంపడానికి పంపే రోగుల జాబితాలోకి టామీ పేరు ఎక్కకుండా చూసుకున్నాడు. అవునండి, లంచం. మన ఉత్తరం రాసినాయన హిట్లర్ వస్తే పోతుందన్న లంచం ఆ క్యాంపుల్లో పై నుంచి కింది దాకా ఉండేది, చచ్చినవాళ్ళ బంగారం దొంగిలించని గార్డుని వెతకాల్సిందే, ఆ లంచంతోనే ఒక మంచివాడు ఒక పిల్లాడి ప్రాణం కొన్నాడు. నాన్సెన్ ఆ రోజుల్లో రహస్యంగా డైరీ రాసేవాడు, ఆ కాగితాలు రొట్టె కోసే చెక్క పలకల్ని లోపల తొలిచి అందులో దాచి బయటికి తెచ్చాడు, 1947లో అచ్చయింది, అందులో టామీ ఉన్నాడు. తర్వాత ఇద్దరూ మళ్ళీ కలుసుకున్నారు కూడా.

1945 ఏప్రిల్ 21న నడవగలిగిన వేల మందిని జాక్సెన్‌హౌజెన్ నుంచి మళ్ళీ రోడ్డు మీద తోలుకుపోయారు. నడవలేని మూడు వేల మందిని వదిలేశారు, వాళ్ళలో టామీ ఒకడు. మర్నాడు రష్యా, పోలండ్ సైనికులు వచ్చారు. ఎవరూ లేని ఆ పిల్లాణ్ణి పోలిష్ సైనికులు వెంట తీసుకెళ్ళారు, వాడి సైజుకి యూనిఫాం కుట్టించారు, ఒక సర్కస్ గుర్రప్పిల్లని కూడా ఇచ్చారు. కొన్నాళ్ళ తర్వాత వాళ్ళలో ఒకరు వీడికి సైన్యం కాదు బడి కావాలి అని వార్సా దగ్గర ఓట్వోట్స్క్ అనే ఊళ్ళో యూదుల అనాథాశ్రమంలో చేర్పించారు.

యుద్ధం అయిపోయింది కదా అంతా సర్దుకుందిలే అనుకుంటాం. అదే కియెల్ట్సేలో 1946 జులై 4న, అంటే హిట్లర్ చచ్చి ఏడాది దాటాక, తిరిగొచ్చిన యూదుల మీద ఊరి జనం, పోలీసులు, సైనికులు కలిసి పడి 42 మందిని చంపారు. ఒక పిల్లాణ్ణి యూదులు ఎత్తుకుపోయారని పుట్టించిన అబద్ధం దానికి కారణం. వాట్సాప్ పుకార్లు నమ్మి పిల్లల్ని ఎత్తుకుపోయేవాళ్ళని అమాయకుల్ని కొట్టి చంపిన వార్తలు మన పేపర్లలో కూడా చదివాం కాబట్టి దీని గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు.

వాళ్ళమ్మ రావెన్స్‌బ్రూక్ క్యాంపు నుంచి బతికి బయటపడి సొంతూరు గోటింగెన్ చేరి కనిపించిన ప్రతి సంస్థకీ ఉత్తరాలు రాస్తూనే ఉంది. పదేళ్ళ పిల్లాడు ఆష్విట్జ్‌లో బతికి ఉంటాడా అని అందరూ అన్నా ఆవిడ వినలేదు. అనాథాశ్రమంలో పాలస్తీనా వెళ్ళే పిల్లల పట్టికలో టామీ పేరు ఉంది, తల్లి పంపిన పేరు ఇంకో పట్టికలో ఉంది, రెండూ ఒకటే అని ఎవరో గుమాస్తా గమనించారు. కాగితం మీద పేరు రాసే పని అదే, గుమాస్తా ఉద్యోగం అదే, ట్రెబ్లింకా రైళ్ళకి బిల్లులు వేసినవాళ్ళదీ అదే ఉద్యోగం. 1946 డిసెంబర్ 29న గోటింగెన్ స్టేషన్లో తల్లీకొడుకులు కలిశారు, పిల్లాడికి పన్నెండేళ్ళు.

నాకు ఈ కథలో అన్నిటికంటే నిజాయితీగా అనిపించిన భాగం తర్వాతది. ఆదివారాలు ఆ ఇంటి బాల్కనీలో నిలబడి చూస్తే కింద జర్మన్ కుటుంబాలు, తాతలూ మనవలూ హాయిగా షికారు పోతుంటే, నా చేతిలో మెషిన్ గన్ ఉంటే వీళ్ళకి కూడా చూపిద్దును అనుకునేవాణ్ణని ఆయన ఏమీ దాచకుండా రాశారు. ఆ కోపం పోవడానికి టైము పట్టిందట. 1951లో అమెరికా వెళ్ళాడు, లా చదివాడు, నాన్న చదివిన చదువే. 1979 నుంచి 1991 దాకా ఉత్తర, దక్షిణ అమెరికా ఖండాల దేశాలు కలిసి పెట్టుకున్న మానవ హక్కుల కోర్టులో జడ్జి. హోండురస్ ప్రభుత్వం మనుషుల్ని మాయం చేస్తోందని 1988లో ఆ కోర్టు ఇచ్చిన తీర్పు ఇప్పటికీ చెప్పుకుంటారు, రాత్రికి రాత్రి ఎత్తుకుపోయి మా దగ్గర లేడు అనే ప్రభుత్వం బాధ్యత తప్పించుకోలేదు అన్న తీర్పు, ఆ బెంచిలో ఈయన ఉన్నారు. 2000 నుంచి 2010 దాకా హేగ్‌లోని అంతర్జాతీయ న్యాయస్థానం జడ్జి. పాకిస్తాన్ విమానం మనం కూల్చిన కేసు 1999లో అక్కడికి వెళ్ళింది, గుర్తుందా, ఆ కోర్టుకి దాన్ని విచారించే అధికారం లేదని 2000 జూన్‌లో 14-2 తేడాతో మనకి అనుకూలంగా తేల్చారు. ఆ కేసులో భారత్ తరఫున నియమించిన జడ్జి మన తెలుగాయన, సుప్రీంకోర్టు మాజీ న్యాయమూర్తి జస్టిస్ జీవన్ రెడ్డి గారు. ఆయన కూర్చున్న బెంచి మీదే చేతికి బి-2930 నంబరు పడ్డ ఈ మనిషి కూడా కూర్చున్నారు. బర్గెన్‌తాల్ గారు 2023 మేలో, 89 ఏళ్ళ వయసులో పోయారు.

ఉత్తరం రాసినాయనతో నాకు వ్యక్తిగతంగా ఏ గొడవా లేదు. లంచం తీసుకున్నవాణ్ణి పట్టుకోవడానికి ఏసీబీ ఉంది, ఫైలు కదలకపోతే సమాచార హక్కు చట్టం ఉంది, సరిగ్గా పని చెయ్యట్లేదంటే నేనూ ఒప్పుకుంటాను, పని చేయించడానికి నేను కూడా సంతకం పెడతాను. హిట్లర్ వచ్చాక జర్మనీలో మొట్టమొదట మూతబడ్డవి ఇలాంటివే, ప్రశ్నించే పేపర్లు, స్వతంత్రంగా తీర్పిచ్చే కోర్టులు, యూనియన్లు, వేరే పార్టీలు. ఆయన ఉత్తరం వేసుకోవడానికి ఒక పేపరు, దానికి నేను జవాబు రాయడానికి ఒక పేజీ, ఇవి కూడా ఉండేవి కావు. ఇంకొక సంగతి, హిట్లర్ కావాలి అనేవాళ్ళు ఎప్పుడూ తాము వరసలో ముందు నిలబడి లెక్కపెట్టేవాళ్ళలో ఉంటామనే అనుకుంటారు. టామీ నాన్న కూడా చదువుకున్నాడు, బ్యాంకులో చేశాడు, పన్ను కట్టాడు, ఎవరి రూలూ తప్పలేదు. ఆయన్ని లెక్కలోంచి తీసేయడానికి ఆయన పుట్టుక ఒక్కటి సరిపోయింది.

ఎడిటర్ గారూ, మీకు రెండు విన్నపాలు. పాఠకులు ఏది రాసినా వెయ్యండి, వద్దనను, కానీ హిట్లర్‌ని మెచ్చుకునే మాట వచ్చినప్పుడు కింద రెండు లైన్లు మీ వైపు నుంచి కూడా వెయ్యండి, మీ పేపరు చదివే పిల్లలున్నారు. రెండోది, జనవరి 27న ఆష్విట్జ్ విముక్తి రోజుని ప్రపంచమంతా గుర్తు చేసుకుంటుంది, ఆ రోజు ఎప్పుడూ వేసే చిన్న ఏజెన్సీ వార్తకి బదులు ఈసారి పిల్లల పేజీలో ఒక పిల్లాడి కథో ఒక పాప కథో వెయ్యండి. టామీదే వెయ్యమనను, బతికి బయటపడ్డవాళ్ళు చెప్పినవి, రాసినవి చాలా ఉన్నాయి, ఎవరైనా టీచరు కావాలంటే తెలుగులో సులువుగా రాసి పెట్టడానికి నేను సిద్ధం, పైసా అక్కర్లేదు.

పోయినవారం రాసినాయన ఇది చదివితే ఆయన్ని కూడా మీ పేజీలోనే జవాబు రాయమనండి, నేను చదువుతాను.

ఇట్లు
మీ పాత పాఠకుడు, రిటైర్డ్ సోషల్ టీచర్
తెనాలి